చెవిలో పువ్వు

ఆ పూట ముప్పై ఏడో చెవి రామక్కది.

"మెడ కదిలించద్దు రామక్కా," అంది సుంకమ్మ, కర్ణదర్శిని యంత్రం మూతిని ఆమె కుడిచెవిలోకి నెమ్మదిగా దించుతూ. "కదిలిస్తే గీసుకుంటుంది. మళ్లీ నన్ను తిడతావు."

"నిన్నెందుకు తిడతానమ్మా. తిట్టేదానికి ఇంట్లో ఒకడుండాడు కదా."

రామక్క తల కదల్లేదు గానీ నోరు మాత్రం ఆగలేదు. మొగుడు పెన్నోబులు పొద్దున లేచింది మొదలు ఏమేం చేశాడో, ఏమేం చేయకుండా వదిలేశాడో అన్నీ ఏకరువు పెడుతోంది. సుంకమ్మ ఊఁ కొడుతూ తెర మీద చూసింది. ఇరవై ఒక్క రోజుల కిందట ఈ చెవి లోపల తడిసిన కాగితం ముద్ద మీద ఆవాలు చల్లినట్టుండేది. తెల్లటి పొర, దాని మీద నల్లటి చుక్కలు. ఆ ముద్దనంతా పీల్చుగొట్టంతో తీసి, దూది వత్తితో అద్ది, ఆ తర్వాతే మందు చుక్కలు మొదలుపెట్టింది సుంకమ్మ. తీయకుండా మందు పోస్తే పైపొర చస్తుంది, అడుగున వేరు హాయిగా బతుకుతుంది. ఆ ఓపిక లేని చెవిచూపరులు చేసిన చెవులు నెల తిరక్కుండా మళ్లీ వస్తాయి. సుంకమ్మ చేసినవి రావు. ఇప్పుడు రామక్క చెవిలో పొర లేదు. చర్మం ఎర్రదనం తగ్గి మామూలు రంగుకు తిరిగింది. చివర కర్ణభేరి పలచగా మెరుస్తోంది.

అంచున మాత్రం ఏదో బూడిదరంగు పోగు అతుక్కుని ఉంది. సుంకమ్మ దాన్ని పట్టకారుతో లాగి వెలుతురులో పెట్టింది. కోడి ఈక పోగు.

"ఇదేంది రామక్కా?"

"ఏమో తల్లీ. గాలికి వచ్చి పడిందేమో."

"తేమకోటలో గాలెక్కడిది?"

 కోటలో ఉన్నవి నలభై కోళ్లు. వాటి గుడ్లకే కాదు, ఈకలకూ కాపలా ఉంది. ఎందుకంటే ఈక దొరికితే చాలు, జనం దాన్ని చెవిలో పెట్టుకుని కళ్లు మూసుకుని తిప్పుకుంటారు. ఆ సుఖం అలాంటిది మరి.

"దురద పుడితే ఏం చేసేది? నీ చుక్కల్లో వాము కంపు తప్ప ఏముంది," అంది రామక్క చివరికి.

సుంకమ్మ నవ్వు ఆపుకుని, ఈక పోగును చెత్తలో వేసి, కర్ణదర్శినికి మాట వినిపించే పలుకుబిళ్ల వైపు తిరిగి మూడు ప్రశ్నలూ అడిగింది. అడిగే గొంతు వేరు. అది కోటను ఏలే మండలి గొంతు.

"దురద ఉందా?"

"లేదు."

"నీరు కారుతోందా?"

"లేదు."

"ఏమైనా వినబడు..."

"లేదు."

కర్ణదర్శిని ఒక్క క్షణం ఆగి, తన పాతకాలపు తెలుగులో తీర్పు చెప్పింది. "కుడిచెవి మందుకు లొంగినది. ఇంటికి పోవచ్చును." రామక్క కొంగు దులుపుకుని లేచి, మొగుణ్ణి లాక్కొస్తానని బయటికి వెళ్లింది. అతని చెవికీ ఇవాళే ఇరవై ఒకటో రోజు.

మూడో ప్రశ్న పూర్తిగా విన్నవాళ్లు కోటలో ఈ మధ్య ఎవరూ లేరు. సగంలోనే జవాబు వచ్చేస్తుంది. ఆ తొందర ఎందుకో సుంకమ్మకు తెలుసు, అడిగే ప్రతి చూపరికీ తెలుసు, ఒక్క కర్ణదర్శినికే తెలియదు.

కోట గోడలకు ప్రాణమున్న పూత పట్టించి తొంభై ఏళ్లయింది. బయట ఒకప్పుడు చిత్రావతి పారిన ఇసుక, దాని మీద చెప్పు కూడా ఆనని ఎండ. లోపల నాలుగు వేల మంది. వాళ్ల ఊపిరి, చెమట, వంట ఆవిరి, కడిగిన నీళ్లు, కన్నీళ్లు, ఏదీ బయటికి పోదు. గోడ మీది పూత అన్నిటినీ పీల్చుకుని, వడగట్టి, తొట్లలోకి నీళ్లుగా వదులుతుంది. పూత బతకాలంటే గాలిలో తేమ తొంభై ఆరు పాళ్లుండాలి. అంత తేమలో బట్టలు ఆరవు, తల ఆరదు, చెవులు అసలే ఆరవు. గోడ మీది పూత మనుషుల చెవుల్లోకి ఎప్పుడు వలస వచ్చిందో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. మండలి కాగితాల్లో దాన్ని శిలీంధ్రమన్నారు. జనం పువ్వు అన్నారు. ఎవరైనా మోసపుచ్చబోతే పెద్దలు వాడే "చెవిలో పువ్వు పెట్టకు" అనే మాట ఆ తర్వాత కోటలో బూతుకింద జమ అయిపోయింది.

పువ్వు పోతే మంచిదే. కానీ పువ్వు పోయాక కూడా చెవిలో ఏదో చప్పుడు మిగిలితే, వేరు కర్ణభేరి వెనక్కి పోయిందని లెక్క. అలాంటి చెవిని సాయంత్రం గంటకు వేడి మైనంతో మూసేస్తారు. మైనం కింద వేరు చస్తుంది. వినికిడి కూడా చస్తుంది. ఒక మనిషి వేరు గోడకు తిరిగి అంటుకుంటే కోట మొత్తానికి ముప్పు కాబట్టి ఇందులో బతిమాలుకోవడాలు లేవు.

సుంకమ్మ ఎడమచెవిలో పదకొండు రోజులుగా చప్పుడుంది.

మొదట దురద అనుకుంది. తర్వాత అద్దంలో తన చెవిలోకి తనే చూసుకోలేక, వేలికి చుట్టిన దూది మీద నల్లటి చుక్క చూసి నిజం ఒప్పుకుంది. ఆ రోజే మందుల అల్మరాలోంచి ఒక సీసా నడుము సంచిలోకి జారింది. ఏడేళ్ల ఉద్యోగంలో ఆమె చేసిన మొదటి దొంగతనం అది. రోజూ సాయంత్రం పనివాళ్లను కూడా దర్శిని ఆ మూడో ప్రశ్న అడుగుతుంది. రోజూ ఆమె కూడా "లేదు" అనే చెప్పింది, మిగతావాళ్లకంటే కాస్త నిదానంగా, అనుమానం రాకుండా. చెవి పోయిన చూపరిని బయట ఇసుక పనికి పంపుతారు. ఆ పనికి పోయిన మనుషుల ఎండి పగిలిన పెదాలు ఆమె చూసింది.

తర్వాతి మనిషిని పిలుద్దామని తలెత్తినప్పుడు అది జరిగింది.

బల్ల మీద పద్నాలుగు మంది తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. ఒకావిడ బిడ్డ జుట్టు దువ్వుతోంది, ఇద్దరు ముసలాళ్లు సంగటి గురించి మాట్లాడుకుంటున్నారు. అందరి తలలూ ఒక్కసారిగా తూర్పుకు తిరిగాయి. ఎవరూ పిలవలేదు. ఆ పక్కన చూడటానికి ఏమీ లేదు, బోసిగోడ తప్ప. రెండు ఊపిరులంత సేపు అలాగే ఉండి, తలలన్నీ మళ్లీ యథాస్థానానికి వచ్చాయి. దువ్వెన మళ్లీ కదిలింది. ఎవరూ పక్కవాళ్ల ముఖం చూడలేదు. అందరూ తమ తమ మోకాళ్లు చూసుకున్నారు.

 ఆరిన తెర నల్లగా సుంకమ్మ ఎదుటే ఉంది, అందులో ఆమె నీడ కనిపిస్తోంది. ఆ నీడ మెడ కూడా తూర్పుకే తిరిగి ఉంది. తను తిప్పినట్టు ఆమెకు గుర్తులేదు.

పెన్నోబులు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అరవై దాటిన మనిషి. ముప్పై ఏళ్లు గోడకాపరిగా చేసి రెండేళ్ల కిందటే దిగిపోయాడు. ఎడమచెవిలో పసుపుపచ్చటి మైనం బిళ్ల ఉంది, దాన్ని పోసి ఆరేళ్లయింది. అందుకని అతను ఎవరితో మాట్లాడినా ముఖం కాస్త పక్కకు పెట్టి, కుడిచెవిని ముందుకు చాపుతాడు. బల్ల దగ్గర నుంచి రామక్క, "చూపించుకో, చూపించుకో, ఇంట్లో నా మాట ఎట్లా వినవు, ఈడన్నా విను," అంటోంది.

సుంకమ్మ చూసింది. కుడిచెవి అద్దంలా ఉంది. పొర లేదు, చుక్క లేదు, వాపు లేదు. తన చేతిపనికి తనే మురిసిపోయేంత శుభ్రంగా ఉంది. ఆమె మొదటి రెండు ప్రశ్నలూ అడిగింది. మూడోది అడగబోతూ పెన్నోబులు ముఖం చూసి ఆగిపోయింది. ఆ ముఖంలో తొందర లేదు. ప్రశ్న పూర్తిగా వినడానికి సిద్ధంగా ఉన్న ముఖం అది.

ఆమె అరచేత్తో పలుకుబిళ్లను మూసింది.

"మామా, చెవి బాగైంది. ఒక్క మాట అని ఇంటికి పో. లేదు అను."

"ఉండేదాన్ని లేదని ఎట్లంటా సుంకమ్మా?"

"అందరూ అంటాండారు."

అనేశాక నాలుక కరుచుకుంది. పెన్నోబులు ముఖం తిప్పి ఆమెకేసి చూశాడు.

"అందరూనా?"

 అతను తల ఊపి, గొంతు తగ్గించాడు.

"నేను ముప్పై ఏండ్లు ఆ గోడకు నీళ్లు చల్లినా. కడుపునిండా ఉంటే గోడ జుర్రుతుంది. పులుసులో ముంచిన సంగటి ముద్దను జుర్రుతామే, అట్ల. చెయ్యి పెడితే తెలిసేది అప్పుడు. ఇప్పుడు చెవిలోనే తెలుస్తాంది. జుర్రడంలే. గీకుతాంది. చట్టి అడుగున ఏమీ లేకున్నా గరిటె పెట్టి గీకుతారు చూడు, ఆకలిగొన్నోళ్లు. అట్ల గీకుతాంది. తూర్పున, ఏడో కమాను కాడ."

"ఉన్న ఒక్క చెవీ పోతుంది మామా."

"పోతుంది." పెన్నోబులు బల్ల వైపు చూశాడు. రామక్క ఎవరికో అతని బద్ధకం గురించి చెబుతోంది. "నలభై ఏండ్లుగా దాని తిట్లు నంజుకుని అన్నం తింటాండా. అవి వినబడకుంటే నాకు ముద్ద దిగదు. భయం లేదని నీ చెవిలో..." అంటూ ఆ పాడుమాట నోటిదాకా వచ్చి, పెద్దమనిషి కాబట్టి మింగేశాడు. "భయమే సుంకమ్మా. శానా భయం. కానీ గోడకు నోరు లేదు గదా. నేను గూడా లేదంటే దాని గురించి ఎవరు చెప్తారు?"

ఆమె చేతిని అతనే మెల్లగా పక్కకు తీశాడు.

"ఏమైనా వినబడుతోందా?" అని అడగక తప్పలేదు సుంకమ్మకు. ఆమె గొంతు మండలి గొంతులా రాలేదు.

"వినబడతాంది. తూర్పున ఏడో కమాను."

"కుడిచెవి మందుకు లొంగినది," అంది దర్శిని. "వినికిడి మిగిలినది. వేరు లోపల ఉన్నట్టు భావించడమైనది. సాయంత్రం గంటకు మైనం."

బల్ల దగ్గర రామక్క నోరు ఆగిపోయింది.

మధ్యాహ్నం అన్నం వేళకు సుంకమ్మ అన్నం తినలేదు. తూర్పు నడవ వెంట కమానులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఏడో కమాను దగ్గర ఎవరూ లేరు. గోడకు మూరెడు ఇవతల తాడు కట్టి ఉంది. చేతి ఉప్పు తగిలితే పూతకు చెరుపని కాపరులు తప్ప ఎవరూ గోడను తాకకూడదు. తాడుకు తేమకొలత వేలాడుతోంది, ముల్లు తొంభై ఆరు మీద నిలబడి ఉంది. చూపుకు గోడ ఎప్పటిలానే నల్లగా ఉంది.

ఆమె తాడు దాటి చెయ్యి పెట్టింది.

చల్లగా, జారుడుగా, మీగడ తరకలా తగలాలి. గరుకుగా తగిలింది. వేలితో రాస్తే పొడి రాలింది. ఆమె ఆ పొడిని అరచేతిలోకి తీసుకుని వాసన చూసింది.

వాము.

 ఆమెకు ఒక్కొక్కటిగా తోచాయి. రోజుకు డెబ్బై చెవులు. ప్రతి చెవి కడిగిన నీళ్లూ ఆమె కుర్చీ పక్కనున్న తొట్టిలోకి పోతాయి. కోటలో ఒక్క చుక్క కూడా బయటికి పోదు, అన్నీ గోడ వేళ్లలోకే తిరిగిపోవాలి. చికిత్స గది మురుగు పోయేది తూర్పుకు. చుక్కలు పువ్వును చంపుతాయి. పువ్వేమో ఈ గోడ పూత కన్న బిడ్డ. ఏడేళ్లుగా, ఎంతో శ్రద్ధగా, ఏ చెవీ తిరిగి రాకుండా, తను చేసింది ఇదే. సుంకమ్మ ఆ పొడిని కొంగున ముడి వేసుకుంది. గోడకేసి చూస్తూ నిలబడింది.

అప్పుడు ఎడమచెవిలో గీకుడు మొదలైంది. పదకొండు రోజుల్లో ఇంత దగ్గరగా ఎప్పుడూ వినబడలేదు. ఆమె అదిరిపడి, ఆసరా కోసం తడిచెయ్యి గోడకు ఆన్చింది. గీకుడు ఆగింది. చెయ్యి తీసింది. మళ్లీ మొదలైంది. ఇంకోసారి పెట్టింది. ఆగింది. పాలకు ఏడ్చే బిడ్డ నోట్లో వేలు పెడితే ఊరుకున్నట్టు, ఆ కాస్త చెమటకే అది ఊరుకుంది. సుంకమ్మ చెయ్యి తీయడానికి ధైర్యం చాలక చాలాసేపు అలాగే ఉండిపోయింది.

పెద్దచూపరి దాదాపీర్ గది నడవ చివర ఉంది. తొమ్మిదేళ్లుగా చికిత్స గదులన్నీ ఆయన చేతి కింద ఉన్నాయి. మైనం పోసేది కూడా ఆయనే, ఆ పని ఇంకొకరి మెడకు చుట్టడం ఇష్టంలేక. ఈ మధ్య తలగుడ్డను చెవుల మీదికి దించి కట్టుకుంటున్నాడు. చలి అంటాడు. ఈ ఉక్కలో చలేమిటని ఎవరూ అడగలేదు, ఆయన మీద ఉన్న గౌరవం కొద్దీ.

సుంకమ్మ ఆయన బల్ల మీద పొడి పోసింది.

"ఇదేంది?"

"ఏడో కమాను సార్. గోడ."

"గోడను తాకినావా?"

"తాకినాను."

"ఆ మాట నేను వినలేదు," అన్నాడు దాదాపీర్. "కొలత చూసినావా?"

"తొంభై ఆరుంది. కొలత గాలిది సార్, గోడది కాదు. వాసన చూడండి. మన చుక్కలే."

ఆయన వాసన చూడలేదు. వేలితో పొడిని కుప్పగా పోగుచేస్తూ కూర్చున్నాడు.

"పోయిన ఏడాది నెలకు పాతికమందికి మైనం పోసినా. ఈ నెల పెన్నోబులు ఒక్కడే. మందు పనిచేస్తాందనేదానికి ఇంతకంటే ఏం కావల్ల సుంకమ్మా?"

"వాళ్లు అబద్ధం చెప్తాండారు సార్. అందరికీ వినబడతాంది."

"నా చెవిలో పువ్వు పెడతాండావా?"

ఆ మాట ఆయన నోట ఎన్నడూ రాలేదు. ఇద్దరూ కాసేపు చూపులు దించుకున్నారు. తర్వాత ఆయనే, తప్పు దిద్దుకునేవాడిలా, నెమ్మదిగా చెప్పాడు.

"కోట కట్టినోళ్లు ఒక నిబంధన రాసిపెట్టినారు. ఇద్దరు మనుషులు ఒకే చోటు పేరు చెప్తే చుక్కలు ఆపి గోడ విప్పి చూడల్ల. మైనం పోసినోళ్లంతా చప్పుడు చప్పుడన్నారే గానీ ఇదిగో ఈ చోటని ఒక్కడూ చెప్పలేదు. పెన్నోబులు చెప్పినాడు. ఒక్కడు చెప్తే అది రోగం. నేను గాదు అనేది, నిబంధన."

"రెండో మనిషి చెప్తే, వాళ్లకు ఏమవుతుంది సార్?"

"మైనమే. వినబడే చెవి ఎవరిదైనా ఒకటే."

"ఊఁ."

"దేనికి అడుగుతాండావు?"

"ఊరికే," అంది సుంకమ్మ.

మధ్యాహ్నం పందొమ్మిది చెవులు చూసింది. పందొమ్మిది మందీ ప్రశ్న పూర్తికాకముందే "లేదు" అన్నారు. ఇరవయ్యో మనిషిని పిలిచే ముందు అల్మరా చాటుకు వెళ్లి నడుము సంచిలోంచి సీసా తీసింది. చుక్కలు వేసుకునే వేళ అది. మూత తిప్పితే వాము వాసన గుప్పుమంది. ఆమె చెవి మందుకు బాగానే లొంగుతోంది, చూపరిగా ఆమెకా సంగతి తెలుసు. ఇంకో పదిరోజులు వేస్తే పువ్వు పోతుంది, చప్పుడూ పోవచ్చు. మూడో ప్రశ్నకు నిజంగానే లేదు అనవచ్చు. పెన్నోబులుకు ఎట్లాగూ మైనం పడిపోయి ఉంటుంది. ఏడో కమాను గురించి చెప్పే నోరు ఇంకొకటి ఉండదు. నాలుగు వేల మందీ శుభ్రమైన చెవులతో, ఏమీ వినబడకుండా, నీళ్లు ఆగిపోయే రోజుదాకా సుఖంగా ఉంటారు.

తెల్లవారుజామున తొట్లలోకి నీళ్లు పడే చప్పుడు ఆమెకు ఇష్టం. దాన్ని ఎడమచెవి తలగడకు ఆన్చి వింటుంది. ఆ చెవి పోతే కుడిచెవితో వినాలి. ఇసుక పనికి పోతే అసలు తొట్లే ఉండవు. సుంకమ్మకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే సీసాను మురుగుతొట్టిలో వంచబోయి, చప్పున చెయ్యి వెనక్కి తీసుకుని, మూత బిగించి అల్మరాలో పెట్టేసింది.

సాయంత్రం గంట మోగింది.

దాదాపీర్ చిన్న పొయ్యి మీద మైనం గిన్నె పెట్టి గరిటెతో కలుపుతున్నాడు. పెన్నోబులును కుర్చీలో కూర్చోబెట్టి, తల పక్కకు వాల్చి పట్టీ కట్టారు. బల్ల మీద ఏడెనిమిది మంది ఇంకా మిగిలారు. రామక్క మొగుడి పక్కనే నిలబడి ఎడతెగకుండా తిడుతోంది. లేదనడానికి నీకేం రోగమని, నోట్లో నాలుక లేదా అని, నాకు చెప్పాపెట్టకుండా చెవి పోగొట్టుకునే హక్కు నీకెవడిచ్చాడని. పెన్నోబులు కళ్లు మూసుకుని వింటున్నాడు. ఎంత మిగిలితే అంత వినేద్దామన్నట్టు, చిన్నగా నవ్వుతూ వింటున్నాడు.

"చెవిచూపరి సుంకమ్మ," అంది దర్శిని. "వినికిడి ప్రశ్నకు సమాధానము?"

ఆమె పలుకుబిళ్ల దగ్గరికి నడిచింది. 

"వినబడతాంది."

గరిటె ఆగింది.

"చోటు?"

"తూర్పున ఏడో కమాను."

దర్శిని ఎప్పుడూ ఒక్క క్షణమే ఆగుతుంది. ఈసారి చాలాసేపు ఆగింది. తొంభై ఏళ్లలో వాడని మాటలు వెతుక్కుంటున్నట్టుంది.

"ఇద్దరు ఒకే చోటు చెప్పినారు. చుక్కల వాడకం ఆపడమైనది. తూర్పు గోడ విప్పుటకు కబురు పోయినది. పెన్నోబులు కుడిచెవికి, సుంకమ్మ ఎడమచెవికి మైనం."

"ఏమంటాంది అది?" అని అడిగాడు పెన్నోబులు, పట్టీ కింద నుంచి.

"నీకు తోడు ఇంకొక పిచ్చిది దొరికిందంట," అంది రామక్క. 

సుంకమ్మ వచ్చి పెన్నోబులు పక్క కుర్చీలో కూర్చుంది. పట్టీ తనే కట్టుకుంది. దాదాపీర్ మైనం నిండిన గరిటెతో ఇద్దరి మధ్యా నిలబడ్డాడు. ముందు ఎవరికని అడగలేదు.

"పెద్దచూపరి దాదాపీర్," అంది దర్శిని. "సమాధానము?"

రోజూ ఆఖరి జవాబు ఆయనదే. తొమ్మిదేళ్లుగా పని ఆపకుండా, వెనక్కి తిరగకుండా లేదనేవాడు. ఇప్పుడూ నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే గీకుడు మొదలైంది. పట్టీ కట్టి ఉన్నా సుంకమ్మ మెడ తూర్పుకు గుంజింది. పెన్నోబులు మెడా గుంజింది. బల్ల మీద తలలన్నీ తిరిగాయి. దాదాపీర్ తల ఎంత వేగంగా తిరిగిందంటే తలగుడ్డ జారి భుజం మీద పడింది. ఆయన కుడిచెవి కింద ఎండిన నల్లటి చారిక ఉంది. గరిటె వంగి మైనం నేల మీదికి కారిపోతోంది, ఆయనకు తెలియడం లేదు.

గీకుడు ఆగాక కూడా ఆయన తల తిప్పుకోలేదు. అందరూ తననే చూస్తున్నారని తెలిసినట్టే ఉంది. సుంకమ్మకు ఆయన మీద కోపం రావాలి. రాలేదు. పదకొండు రోజులు తను కూడా అదే చేసింది.

"ఏడోది పోయిన నెల మాట సుంకమ్మా," అన్నాడు దాదాపీర్ పలుకుబిళ్లలోకి, మెల్లగా. "నాకిప్పుడు మూడో కమాను నుంచి వినబడతాంది."

మూడో కమాను కింద తాగునీటి తొట్టి ఉంది. బల్ల మీద నుంచి ఎవరో "నాకూ" అన్నారు. ఇంకెవరో అన్నారు. దర్శిని ఒక్కొక్క పేరూ చదివి "చోటు?" అని అడుగుతూ పోయింది. ఏడు, మూడు, ఏడు, అయిదు. గిన్నెలో మైనం మీద తరక కట్టింది. దాన్ని కలిపే చెయ్యి లేదు.

సుంకమ్మ పట్టీ విప్పుకుని లేచింది. గదిలో అందరూ ఇంకా తూర్పు గోడకేసే చూస్తున్నారు, రామక్క తప్ప. రామక్క మొగుడి కుర్చీ వెనుక, అందరికీ వీపు పెట్టి నిలబడి ఉంది. ఆమె మెడ పడమటికి తిరిగి ఉంది.

"రామక్కా," అంది సుంకమ్మ. పొద్దున ప్రశ్న సగంలోనే జవాబు వచ్చేసింది. ఈసారి పూర్తిగా అడిగి, ఆగింది. "ఏమైనా వినబడుతోందా?"

"నెల దినాలుగా మీరంతా ఆ పక్కకే తిరగడం చూసి, నాదొక్కదానిదే రోగమనుకుంటిని," అంది రామక్క, పడమటి గోడ మీది నుంచి చూపు తిప్పకుండా. "నాకు ఆ గీకుడు వినబడేది ఈ పక్క నుంచి కదా."

పెన్నోబులు పట్టీ కింద నుంచే మెడ తిప్పి, మైనం పడని చెవిని పెళ్లాం వైపు పెట్టి, మళ్లీ చెప్పమన్నాడు.